బీల లేని పటం: 1,850 రూపాయల భవిష్యత్తు పెట్టె వాడి చూశాక

ఐదుకి మూడు స్టార్లు. ఎందుకు మూడో, మిగతా రెండూ ఎక్కడ పోయాయో చెప్తాను.

నేను పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. 22 ఏళ్లయింది. సొంతూరు సోంపేట బీల అంచున. బీల అంటే వానలకి నీళ్లు నిలిచే పల్లపు నేల, వివరంగా తర్వాత చెప్తాను. ఈ రెండు సంగతులూ ముందే చెప్పడం ఎందుకంటే, జీడిపిక్కల గుమస్తా ఇలాంటి వస్తువు ఎందుకు కొన్నాడని మీకు అనుమానం రావచ్చు. మా ఆవిడకి కొరియర్ వచ్చిన రోజే వచ్చింది.

పెట్టెలో నాలుగడుగుల ఫ్లెక్సీ పటం, 40 కార్డులు, నాలుగు అట్టలు, 60 ప్లాస్టిక్ బిళ్లలు, మార్కుల షీట్లు ఒక దొంతర, 48 పేజీల పుస్తకం ఉన్నాయి. ఊరి నీళ్లు, నేల, చెట్టూ పుట్టల మీద ఏ నిర్ణయం తీసుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత ఏమవుతుందో నలుగురూ కూర్చుని పోల్చి చూసుకోడానికి ఇది. ధర 1,850. ఇంకో 2,500 కడితే ఒక మనిషి వచ్చి ఒక రోజంతా దగ్గరుండి ఆడించి వెళ్తాడు. మేం రెండూ తీసుకున్నాం. సగం డబ్బు నాది, సగం ఊళ్లో చేపల సంఘానిది. అమ్మిన సంస్థ పేరు మాత్రం రాయను. వాళ్ల ఉద్దేశం మంచిదే, నా ఫిర్యాదులే కాస్త ఘాటుగా ఉంటాయి.

అసలు ఎందుకు కొన్నామంటే, మా ఊళ్లో రెండేళ్లుగా ఒక తగువు నలుగుతోంది. బీల అంచు నేలని రొయ్యల చెరువులకి లీజుకిద్దామని కొందరు. పూడిక తీసి, గుర్రపుడెక్క ఏరేసి, చేపల హక్కూ గడ్డి హక్కూ సంఘం చేతిలోనే ఉంచుదామని కొందరు. ఏమీ చేయొద్దు, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేద్దామని మిగిలినవాళ్లు. మీటింగు పెట్టిన ప్రతిసారీ ఎవరి గొంతు పెద్దదైతే ఆ రోజుకి వాళ్లు గెలిచేవాళ్లు. మర్నాడు మళ్లీ మొదలు.

ముందు పుస్తకం గురించి. పెట్టె మొత్తంలో నాకు బాగా నచ్చిన వాటిలో ఇదొకటి. ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో కథలాగా చెప్పారు. 1970ల మొదట్లో షెల్ అనే చమురు కంపెనీలో పియర్ వాక్ అనే ఆయన, రేపు చమురు ధర ఇంత ఉంటుందని ఒక్క అంకె చెప్పడం మానేసి, ఇలా జరిగితే ఏమిటి, అలా జరిగితే ఏమిటి అని రెండు మూడు కథలు రాసి పెద్దల ముందు పెట్టాడు. 1973లో అరబ్ దేశాలు చమురు బిగించి ధరలు ఆకాశానికి లేచినప్పుడు, ఆ కంపెనీ వాళ్లు అలాంటి రోజు గురించి అప్పటికే ఒకసారి ఆలోచించుకుని ఉన్నారు. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మా ఓనరు చేసేది కూడా ఇదే కదా. ఏప్రిల్, మే నెలల్లో 80 కేజీల బస్తా ఇంత అని పిక్కలు కొంటాడు, దసరాకి పప్పు రేటు ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. పెరిగితే ఏం చేయాలి, పడితే ఏం చేయాలి, ఆఫ్రికా పిక్కలు ఓడ దిగితే ఏం చేయాలి అని మూడు లెక్కలు నా చేత రాయిస్తాడు. జోస్యం చెప్పడు. మూడింట్లో ఎక్కడ మునిగిపోతామో చూసుకుంటాడంతే.

ఈ పద్ధతినే ప్రకృతి వైపుకి తిప్పినవాళ్ల కథ కూడా పుస్తకంలో ఉంది. 2005లో పూర్తయిన మిలీనియం ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్‌లో 95 దేశాల నుంచి వెయ్యిమందికి పైగా నిపుణులు పనిచేసి, 2050 దాకా ప్రపంచం నడవగలిగే దారులు నాలుగు గీశారట. దేశాలన్నీ కలిసి వ్యాపారంతో ముందుకెళ్లేది ఒకటి, ఎవరి తలుపు వాళ్లు బిగించుకునేది ఇంకొకటి, ఎక్కడికక్కడ ఊళ్లే తమ నీళ్లూ నేలా చూసుకునేది మూడోది, అన్నీ యంత్రాలతో సాంకేతికంగా సరిదిద్దుకునేది నాలుగోది. ఆ తర్వాత జీవవైవిధ్యం కోసం 2012లో ఐపీబీఈఎస్ అని దేశాల మధ్య ఒక వేదిక ఏర్పడింది. అది 2016లో కౌలాలంపూర్ సమావేశంలో, ఈ భావి కథలని విధాన నిర్ణయాలకి ఎలా వాడుకోవాలో చెప్పే నివేదికని ఆమోదించింది. ఈ పెట్టెకి తల్లివేరు ఆ నివేదికే అని చదివితే తెలిసిపోతుంది.

ఇక వాడకం సంగతి. కార్తీకం పోయాక ఒక ఆదివారం రామమందిరం అరుగు మీద కూర్చున్నాం. 19 మందిమి, అందులో ఏడుగురు ఆడవాళ్లు. విశాఖ నుంచి వచ్చిన కుర్రాడు హుషారైనవాడే కానీ పెద్దవాళ్లందరినీ అంకుల్, ఆంటీ అన్నాడు. మా చేపల సంఘం పెద్దాయనకి అక్కడే ముఖం ముడుచుకుంది. ఆపైన మొదటి మాటే "డ్రైవర్స్" అన్నాడు. రేపటిని నడిపించే కారణాలని అతని ఉద్దేశం.

"ఎవుల బండి డ్రైవరు బాబూ?" అన్నాడు పెద్దాయన.

కుర్రాడు కార్డు తిప్పి తెలుగులో చదివాడు: "పరోక్ష చోదకాలు". పరిస్థితి ఇంకా పాడైంది. తెలుగు చేసినవాళ్లు ఎప్పుడూ నలుగురి ముందు ఈ కార్డు పైకి చదివి చూసుకోలేదని నా నమ్మకం. చివరికి నేనే లేచి, ఊరిని మార్చేవి ఏటేటో చెప్పండి అన్నాను. పది నిమిషాల్లో అరుగంతా మాటలే. తుఫాను, వలస, కరెంటు మోటార్లు, ఎరువు రేటు, మూలపేట పోర్టు, పిల్లలు చేపల పనికి రాననడం. కార్డుల్లో ఉన్న 40లో మాకు పనికొచ్చినవి తొమ్మిది. మిగతావి పాత పెళ్లి శుభలేఖల వెనకవైపు మేమే రాసుకున్నాం.

తర్వాత పటం పరిచాడు. ఒక కొండ, కొండ మీద అడవి, అడవిలో పులి, లేడి. కిందికి దిగే ఏరు, ఏటి పక్క పొలాలు, చివర ఊరు. బొమ్మలు చాలా అందంగా వేశారు.

"ఓలమ్మ, పులి కూడా ఉందర్రా," అంది మా పెద్దమ్మ. "మరి బీల ఏదిరా?"

బీల లేదు. వెతికితే ఎలా ఉంటుంది, పటం వేసినవాళ్లకి బీల అంటే తెలియదు. ఈ ప్రాంతం వాళ్లు కాని పాఠకులకి చెప్తున్నాను: బీల అంటే చెరువు కాదు, పొలం కాదు. వర్షాకాలం నుంచి నెలల తరబడి నీళ్లు పరుచుకుని ఉండే పల్లపు నేల. నీళ్లున్నన్నాళ్లు కొర్రమీను, జెల్ల, మట్టగిడస. నీళ్లు తీశాక గేదెలకి మేత, చాపలకి తుంగ. చుట్టూ ఉన్న పొలాలకి తడి కూడా దాని పుణ్యమే.

పెట్టెలో 'ఈనాటి స్థితి' అనే షీటు ఒకటుంది. అన్నిటికంటే ముందు అది నింపాలి. అందులో ఐదే గడులు: అడవి, సాగు, నీరు, నివాసం, బీడు. బీలని ఎందులో వేయాలి? "ఇప్పుడు నీళ్లున్నాయి కదా అంకుల్, నీరులో వేసేద్దాం," అన్నాడు కుర్రాడు. మరి ఏప్రిల్‌లో వచ్చి ఉంటే? బీడులో వేసేవాడు. అక్కడ అరుగు మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. మా వైపు వాళ్లకి ఆ మాట మామూలు మాట కాదు. ఈ బీలలో థర్మల్ ప్లాంటు కడతామన్నప్పుడు కాగితాల మీద ఇది పనికిరాని నేలే. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ రోజుల్లోనే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ రోజు రోడ్డు మీద ఉన్నవాళ్లు మా 19 మందిలో కనీసం ఆరుగురు.

నేను కోసేసిన మొదటి స్టారు ఇక్కడిది. కోపంతో కాదు, లెక్క ప్రకారమే కోశాను. రేపటి దారులని పోల్చడమంటే ప్రతి దారినీ ఈనాటితో పోల్చడం. ఈనాటి గడిలో 'బీడు' అని పడితే, దాని మీద ఏం కట్టినా లాభంగానే కనిపిస్తుంది. ఖాతా పుస్తకంలో ప్రారంభ నిల్వ తప్పు రాసి కింద కూడికలు ఎంత జాగ్రత్తగా చేసినా ఏం లాభం? గోదాములో 300 బస్తాలు ఉండగా సున్నా అని మొదలుపెడితే, ఏడాది చివర్లో వంద మిగిలినా పండగ చేసుకుంటాం.

పెద్దమ్మే దారి చూపించింది. ఫ్లెక్సీని బోర్లా తిప్పమంది. వెనకాల తెల్లగా ఉంది. నా మార్కర్ పెన్ను తీసుకుని, చదువు రాని మనిషి, అరగంట సేపు గీసింది. తుంగ ఎక్కడ కోస్తారో అడ్డగీతలు. దసరా నాటికి నీళ్లు ఎంతవరకు ఎక్కుతాయో ఒక గీత, సంక్రాంతి నాటికి ఎక్కడికి దిగుతాయో లోపలగా ఇంకో గీత. వేసవిలో కూడా ఎండని మడుగులు మూడుంటే, వాటి చుట్టూ చేప బొమ్మలు. "ఈ మూడూ పూడిపోతే మరు ఏడు పిల్ల ఉండదు," అంది. వేసవంతా చేప బతికుండేది ఆ మడుగుల్లోనే. ఈ ముక్క సంఘం పెద్దాయనకి తెలుసు. రొయ్యల లీజు కావాలంటున్న కుర్రాళ్లలో ఇద్దరికి తెలీదు. రెండేళ్ల మీటింగుల్లో ఎవరూ చెప్పలేదు మరి, ఎవరూ అడగలేదు. 1,850 ఈ అరగంటకి చెల్లిపోయిందని నాకు అనిపించింది. ఇంతా చేసి వాడింది పటం వెనకవైపు.

మధ్యాహ్నం పులిహోర తిని నాలుగు అట్టలూ పరిచాం. పద్ధతి ఇదీ: మన చేతిలో లేని కారణాల్లో పెద్దవి రెండు ఎంచుకోవాలి, రెండిటినీ అడ్డంగా నిలువుగా పెడితే నాలుగు రేపులు వస్తాయి. మావాళ్లు ఎంచుకున్నవి, తుఫాన్లూ వానలూ ఇప్పటిలా ఉంటాయా ఇంకా విపరీతమవుతాయా అన్నది ఒకటి, ఊళ్లో జనం ఉంటారా వలస పోతారా అన్నది రెండోది. మొదటిదానికి ఎవరూ వివరణ అడగలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఎలా పడున్నాయో అందరూ చూశారు. రెండోదానికి కూడా అంతే. అరుగు మీద ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో వెరావల్‌లో పడవ మీదో ఉన్నారు.

నాలుగింటికీ పేర్లు మేమే పెట్టుకున్నాం. వానలు బాగుండి జనం ఉంటే నిండు బీల. వానలు బాగుండి జనం పోతే తాళాల ఊరు. తుఫాన్లు పెరిగినా జనం ఉంటే ఎదురీత. తుఫాన్లు పెరిగి జనం కూడా పోతే, ఆ అట్టకి ఎవరూ పేరు పెట్టలేదు. నాలుగో అట్ట అనే పిలిచాం.

ఒక్కో అట్ట మీద మూడు దారులకీ పదికి మార్కులు వేయాలి. ప్లాస్టిక్ బిళ్లలు 60 అన్నారు, లెక్కపెడితే 52 ఉన్నాయి (లెక్కలు రాసేవాడికి అమ్మేటప్పుడు కాస్త చూసుకోవాల్సింది). ఎవరింట్లోంచో చింతపిక్కలు తెచ్చారు. అదే నయం, ముసలివాళ్ల చేతులకి అలవాటైన సరుకు.

ఉన్నది ఉన్నట్టు వదిలేయడానికి నాలుగు అట్టల్లో వరసగా 5, 4, 3, 3 పడ్డాయి. రొయ్యల లీజుకి 8, 7, 5, 0. పూడిక తీసి సంఘం చేతిలో ఉంచడానికి 7, 5, 4, 3. కుర్రాడు ఫోన్‌లో సరాసరి కొట్టాడు: 3.75, 5, 4.75. "సో, రొయ్యలు విన్," అన్నాడు. షీట్లో చివరి గడి కూడా అదే, 'సరాసరి', దాని పక్కన ఒక కప్పు బొమ్మ.

రెండో స్టారు ఇక్కడ పోయింది. కాగితం లాక్కున్నంత పని చేశాను. నాలుగో అట్ట మీద రొయ్యల దారికి ఒక్క పిక్క కూడా పడలేదు. తుఫానుకి గట్లు తెగి, లీజుదారు వెళ్లిపోయి, ఉప్పెక్కిన గుంతలు మిగిలి, వాటిని పూడ్చడానికి ఊళ్లో మనుషులు కూడా లేని రోజు అది. ఆ సున్నాని నిండు బీలలో వచ్చిన 8 కప్పేసింది. సరాసరి అంటే అదే కదా చేసేది. నాలుగు రేపుల్లో మనకి వచ్చేది ఒక్కటే, సరాసరి రేపు అనేది ఎవరికీ రాదు. ప్రతి దారికీ వచ్చిన అతి తక్కువ మార్కు ఏమిటో చూడమన్నాను: 3, 0, 3. పూడిక దారి తాళాల ఊర్లో తప్ప ఎక్కడా ఆ అట్టలో ఎక్కువ మార్కులొచ్చిన దారికంటే రెండు మార్కులు కూడా వెనకబడలేదు, అక్కడైనా తేడా రెండే. పుస్తకంలో 31వ పేజీలో ఈ మాట ఒక పేరాలో చెప్పారు, ఎటు తిరిగినా మరీ చెడని దారిని వెతకమని. షీటు వేసినవాళ్లు మాత్రం ఆ పేజీ చదవలేదు.

నేను ఇంకో గడి కూడా గీశాను: తప్పని తేలితే వెనక్కి తిప్పుకోగలమా? పూడిక తీయడం ఏ ఏడాదైనా ఆపేయొచ్చు. ఉప్పునీళ్లు పెట్టిన నేలని మళ్లీ తీపినేల చేయాలంటే ఎన్నేళ్లు పడుతుందో పిక్కలు చెప్పవు. దానికి మట్టి పరీక్షలు చేసి లెక్క కట్టేవాళ్లు కావాలి. కథతో పాటు లెక్క కూడా ఉండాలని ఆ 2016 నివేదిక గట్టిగానే చెప్తుంది. ఈ పెట్టెలో కథే ఉంది. మార్కులన్నీ మా అభిప్రాయాలు, అంతకన్నా ఎక్కువ నమ్మొద్దు.

రొయ్యల పక్షం కుర్రాళ్లు ఆ సున్నా చూసి కాసేపు మాట్లాడలేదు. అందులో ఒకడు, నాకు వరసకి బావమరిది, తర్వాత అన్నాడు: "నాలుగో అట్టలో ఊళ్లో ఎవులూ నేకపోతే బీల ఎవుల కోసం బావా?" ఎవరూ జవాబు చెప్పలేదు. వాడి ప్రశ్న తప్పు కూడా కాదు. డబ్బు లేకే కదా వలసలు, లీజు డబ్బుతో ఆ నాలుగో అట్టే రాకుండా పోతుందేమో అని వాడి లెక్క. మనం ఎంచుకునే దారి వలసని కూడా మార్చగలిగితే, వలసని మన చేతిలో లేని కారణంగా పక్కన పెట్టడం ఎలా కుదురుతుంది? ఇది విశాఖ కుర్రాడిని అడిగాను. నోట్ చేసుకుంటా సార్ అన్నాడు.

పెట్టెలో ఇంకో మంచి వస్తువు, మూడు రంగుల కార్డులు. ప్రకృతిని దాని కోసం దాన్ని చూడటం, మనకిచ్చేదాని కోసం చూడటం, మన బతుకులో భాగంగా చూడటం. మార్కులు వేసేముందు ఒక్కో కార్డు ముందు పెట్టుకుని అదే దారిని మళ్లీ ఆలోచించాలి. మగవాళ్లం అందరం రెండో కార్డు దగ్గరే ఆగిపోయాం, ఎకరాకి ఎంత అని. మూడో కార్డు చేతికిచ్చాక ఒక వదిన, మొదటి చేప అమ్మోరికి పెట్టకుండా ఎవరూ వల వేయరు కదా, లీజుదారు పెడతాడా అంది. మొదటి కార్డుకి ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయి మాట్లాడింది. వాళ్లూరి చింతచెట్ల మీద ఏటా గూళ్లు పెట్టే నత్తగుల్ల కొంగలు మా బీలకి కూడా మేతకి వస్తాయని ఆమె నమ్మకం. అందరూ వాటిని సైబీరియా పక్షులంటారు కానీ అవి మన దేశపువే. వాటికి మార్కులు ఎవరు వేస్తారని అడిగింది. ఆమె వంతు చింతపిక్కలతో పాటు కొంగల వంతని ఇంకో గుప్పెడు ఆమెకే ఇచ్చాం.

పెట్టెలో లేనిది ఒకటుంది, దాన్ని రెండో ముద్రణలోనైనా పెట్టాలి. ఇందులో ఉన్నవి రెండు రకాలే, రేపు ఏమేం జరగొచ్చో ఊహించడం, దారులని ముందే వడపోయడం. కావలసిన రేపుని ముందు రాసుకుని అక్కడి నుంచి వెనక్కి నడిచే రకం కూడా ఉంది. 2045లో మూడు మడుగులూ బతికుండాలంటే ఈ వేసవిలో ఏం చేయాలి? మావాళ్లకి అది అరగంటలో తేలే పని. జరిగిపోయిన నిర్ణయాన్ని తిరిగి చూసే రకం నాలుగోది. 2010లో ఇంకోలా జరిగి ఉంటే ఇవాళ ఈ అరుగు ముందు ఏముండేదో, ఆ ఆట ఆడటానికి మా ఊరికి మించిన ఊరు దొరకదు.

కొనాలా? మీ ఊళ్లో తగువు ఉంటే కొనండి, తగువు లేకపోతే ఇది అటక మీదికే. మనిషిని పిలిపించుకునే 2,500 మాత్రం మిగుల్చుకోవచ్చు, ఊళ్లో లెక్క వచ్చినవాళ్లు, గొంతు పెద్దది కానివాళ్లు ఒకరు చాలు. సరాసరి గడి కొట్టేయండి. ఆడవాళ్లు సగమైనా లేకపోతే మొదలుపెట్టకండి. మా తగువు ఇంకా తేలలేదు. పూడిక తీయాల్సిన మూడు మడుగుల జాబితా మాత్రం పంచాయతీకి ఇచ్చాం, రొయ్యల పక్షం వాళ్లు కూడా సంతకాలు పెట్టారు.

సంస్థకి మెయిల్ పెట్టాను, ఎనిమిది బిళ్లలు తక్కువని, ఈనాటి షీటులో బీలకి గడి లేదని. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది, మర్యాదగానే. పది రోజుల్లో కవరు కూడా వచ్చింది. ఎనిమిది బిళ్లలు, షీటు మీద అంటించుకోమని స్టిక్కర్లు ఒక పేజీ. స్టిక్కర్ల మీద 'భీల' అని అచ్చేశారు. పన్నెండింటికీ ఒత్తులు వైట్‌నర్‌తో చెరిపి అంటించుకున్నాను.